ఎమ్మారైకి పిలకాయల్ని నిద్రపుచ్చాలంటే సిరప్ మేలా, సూది మేలా?

మా చెల్లెలి కొడుక్కి రెండున్నరేళ్లు. ఫిట్స్ వచ్చాయని కావలి డాక్టరు మెదడుకు ఎమ్మారై స్కాన్ తీయించమన్నారు. నెల్లూరులో ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్తే నోటికి మత్తు సిరప్ పట్టించారు. సగం మింగాడు, సగం నా పైట మీద ఊశాడు. లోపలికి ఎంత పోయిందో ఎవరికీ తెలీదు. మళ్లీ కొంచెం పోశారు. ముప్పావు గంటకి కళ్లు మూశాడు గానీ, మిషన్‌లో టకటకమని మోత మొదలవగానే ఉలిక్కిపడి లేచాడు. ఫొటోలన్నీ మసక. రాత్రిదాకా బిడ్డ తూలుతూనే ఉన్నాడు.

పది రోజులకి నెల్లూరులోనే పొగతోటలో ఇంకోచోట, మత్తు డాక్టరు దగ్గరుండి సూదితో నిద్రపుచ్చి తీశారు. రెండుసార్లూ పక్కనే ఉన్నాను.

సిరప్ అంటే మన దగ్గర ఎక్కువగా ట్రైక్లోఫాస్. బరువు చూసి పోస్తారు. గుచ్చే పని లేదు, ఖర్చూ తక్కువే. కానీ పోశాక ఇక మన చేతిలో లేదు. నిద్ర చాలకపోయినా, ఎక్కువైనా అప్పటికప్పుడు సరిచేయలేరు, పైగా మత్తు గంటలకొద్దీ దిగదు. బస్సెక్కేముందు ఇంట్లోనే పోసుకుని రమ్మంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఒళ్లో మత్తుగా పడున్న బిడ్డ తల ముందుకి వాలిపోతే ఊపిరి దారి మూసుకుపోతుంది. నిద్రపోతున్నాడులే అనుకుంటాం.

సూదిమందు ప్రొపోఫాల్. చేతి నరానికి క్యాన్యులా (మందు ఎక్కించే సన్నగొట్టం) పెట్టేటప్పుడు వాడు గుక్కపట్టి ఏడ్చాడు. మందు ఎక్కించిన నిమిషంలోపే నిద్ర. భుజాల కింద గుడ్డ చుట్టపెట్టి గడ్డం కొంచెం పైకెత్తారు, వేలికి ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మందు ఆపిన పావుగంటకి కళ్లు తెరిచి నీళ్లడిగాడు. ఇదే మందు ఊపిరిని ఆపేయగలదు కూడా. అందుకే మత్తు డాక్టరు లేనిచోట దీని జోలికే పోకూడదు.

ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిలకాయలకి ఎమ్మారై అయితే, మత్తు డాక్టరు ఉన్నచోట సూదికే నా ఓటు. సీటీ స్కాన్ సంగతి వేరు. అది క్షణాల్లో అయిపోతుంది, తల్లికి సీసం ఏప్రాన్ వేసి పక్కన నిలబెడితే చాలాసార్లు మత్తే అక్కర్లేదు. మూడు నెలల్లోపు పసిబిడ్డకైతే కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో గట్టిగా చుట్టి నిద్రపుచ్చితే మత్తు లేకుండానే ఎమ్మారై కూడా తీయొచ్చు.

మత్తిచ్చేటప్పుడు పస్తు లెక్క తప్పకూడదు. అన్నం, బిస్కెట్లు, ఆవు పాలు, డబ్బా పాలు అయితే 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. మా అమ్మ దారిలో జాలిపడి బిస్కెట్టు పెట్టబోతే చేయి పట్టుకుని ఆపాను. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జలుబు, దగ్గు ఉన్నా, రాత్రిళ్లు గురక పెట్టినా ముందే చెప్పేయండి. అవసరమైతే స్కాన్ వాయిదా వేస్తారు.

ఫోన్ చేసినప్పుడు రేటుకన్నా ముందు అడగండి: మత్తు డాక్టరు స్కాన్ జరిగినంతసేపూ ఉంటారా, బిడ్డ పూర్తిగా లేచేదాకా చూస్తారా అని.