పాత చీరల బొంతలకు లాంగ్‌ఆర్మ్ మిషన్: కుట్టు చెడితే ముందు కింద చూడండి

మా పని హనుమకొండలో, ఎక్కువగా పాత చీరల బొంతలే. అమ్మవో అత్తమ్మవో చీరలు మూటగట్టి తెచ్చిస్తారు. మధ్యలో దూది షీట్, అడుగున మెత్తటి నూలు గుడ్డ వేసి కుట్టి ఇస్తాం. ఇందుకోసమే కొన్న లాంగ్‌ఆర్మ్ మిషన్‌ను కొన్నేళ్లుగా దాదాపు రోజూ నడుపుతున్నాను. మామూలు మిషన్ మీద గుడ్డను మనం జరపాలి. ఇక్కడ బొంత ఫ్రేమ్ రోలర్లకు చుట్టి ఉంటుంది, మిషన్ తలే పట్టాల మీద మన చేతులతో పాటు తిరుగుతుంది. డబుల్ కాట్ బొంతను నేల మీద పరిచి నడుం వంచి టాకాలు వేసినవాళ్లకు ఈ సుఖం ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

మిషన్ మంచిదే. కానీ కుట్టు చెడినప్పుడు కారణం పట్టుకోవడం మనకే రావాలి. వరంగల్‌లో పవర్ మిషన్ల షటిల్ (బాబిన్ చుట్టూ తిరుగుతూ పై దారాన్ని పట్టే కొక్కెం) టైమింగ్ చక్కగా పెట్టే మెకానిక్ అన్నలు ఉన్నారు. పట్టాలు, చక్రాలు, సెన్సర్ల దగ్గరికొచ్చేసరికి కంపెనీ మనిషి కోసం ఎదురుచూపులే.

పై దారం, కింది దారం దూది పొర మధ్యలో కలుసుకుంటే కుట్టు బాగున్నట్టు. కింది దారం పైన చుక్కలు చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ (దారం బిగువు) ఎక్కువైంది, లేదా బాబిన్ టెన్షన్ తగ్గింది. అడుగున పై దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంటే చాలాసార్లు ఆ దారం దాన్ని నొక్కిపట్టే టెన్షన్ డిస్కుల మధ్యకు దిగి ఉండదు. ఒకసారి తీసి మళ్లీ ఎక్కించాలి. చాలామంది వెంటనే పై నాబ్ తిప్పుతారు. నేను బాబిన్ దగ్గర మొదలుపెట్టమంటాను. కింది దారం ఒకే తీరుగా రాకపోతే పైన ఎంత సరిచేసినా తర్వాతి బాబిన్‌తో మళ్లీ మొదటికే వస్తుంది. బాబిన్ కేస్‌ను దారంతో వేలాడదీసి కొద్దిగా కుదపండి. కాస్త జారి ఆగాలి. జర్రున జారిపోతే వదులు, అసలు కదలకపోతే బిగువు. స్క్రూను వెంట్రుకవాసి తిప్పి మళ్లీ చూడాలి. దారం బిగువును గ్రాముల్లో చూపే టోవా గేజ్ ఉంటే ఊహతో పనిలేదు. 40 నంబరు పాలిస్టర్ దారానికి నేను 20 గ్రాముల దగ్గర ఉంచుతాను. కేస్ మీది రేకు కింద దూది నూగు చేరినా టెన్షన్ మారిపోతుంది. గట్టి కాగితం అంచుతో దాన్ని లాగేయండి.

ఆ తర్వాత సూది. లాంగ్‌ఆర్మ్ మిషన్ల సూది కాడ గుండ్రంగా ఉంటుంది, ఇంటి మిషన్ సూదికున్న చదును పక్క ఉండదు. అందుకే వంకరగా బిగించేయడం సులువు. పొడవాటి గాడి మన వైపు, కన్ను పైనున్న పల్లం వెనక్కి ఉండాలి. కాస్త తిరిగినా కుట్లు తప్పుతాయి. జరీ అంచులున్న పట్టుచీరలు సూది మొనను తొందరగా అరగదీస్తాయి. గుడ్డలో దిగేటప్పుడు టప్‌టప్ మని చప్పుడొస్తే మొన పోయినట్టే. జరీ బొంత అయిపోగానే సూది మార్చేయడం నా పద్ధతి, బాగానే ఉందనిపించినా సరే.

తిన్నటి గీతల్లో శుభ్రంగా పడి, వంపుల దగ్గర మాత్రం అడుగున కనురెప్పల వెంట్రుకల్లా దారాలు కనిపిస్తున్నాయా? అప్పుడు టెన్షన్ ముట్టుకోకండి. వంపులో చెయ్యి వేగంగా లాగితే సూది వంగుతుంది, అక్కడే కుట్టు చెడుతుంది. చెయ్యి నెమ్మదించండి, సూది ఒక సైజు పెద్దది వేయండి. బొంతను ఫ్రేమ్ మీద డప్పులా బిగించినా ఇదే బాధ. కింద నుంచి వేలు పెట్టి పొడిస్తే పైనుంచి ఆ వేలిని పట్టుకోగలిగేంత వదులుండాలి. మరీ వదిలేస్తే గుడ్డ సూదితో పాటు పైకి లేచి కుట్టు తప్పుతుంది.

ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న ఊరు కదా, ఇంటి పత్తి ఏకించి తెచ్చేవాళ్లు చాలామంది. ఆ దూదంటే నాకూ ఇష్టమే, కానీ ఈ మిషన్‌కు అది గండం. గింజ పలుకు తగిలితే సూది పక్కకు పోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. నూగంతా షటిల్‌లో చేరుతుంది. కాదనలేకపోతే దూదిని రెండు పలుచటి మల్లు గుడ్డల మధ్య పరిచి, గీతలు దగ్గరదగ్గరగా కుడతాను. బాబిన్ మార్చినప్పుడల్లా షటిల్ బ్రష్‌తో తుడిచి ఒక్క చుక్క తెల్ల నూనె వేస్తాను. సూది కొత్తదైనా దారం పీచులు పీచులుగా చిరుగుతుంటే షటిల్ కొనను వేలితో మెల్లగా తడిమి చూడండి. గరుకు తగిలితే బాగా సన్నటి పాలిష్ గుడ్డతో నునుపు చేయాలి. మే నెల ఎండ పడే కిటికీ దగ్గర దారం రీళ్లు ఉంచకండి, పెళుసెక్కుతాయి.

కుట్టు పొడవు ఒకచోట చిన్నగా, ఒకచోట పెద్దగా పడుతుంటే చెయ్యి వేగాన్ని బట్టి కుట్టు పొడవు సమం చేసే రెగ్యులేటర్ ఆపేసి ఒకే వేగం మీద మెల్లగా నడపండి. అప్పుడు సమంగా పడితే లోపం పట్టాలను ఆనుకుని తిరిగే సెన్సర్ చక్రంలోనే. అడ్డంగా జరిపినప్పుడే వస్తుందా, నిలువుగా జరిపినప్పుడే వస్తుందా చూస్తే ఏ చక్రమో తెలుస్తుంది. ఎక్కువసార్లు దానికి చుట్టుకున్న దారం పోగులు తీసేస్తే చాలు.

టైమింగ్ అన్నిటికన్నా చివర. సూది స్కేలుకో గుండుసూదికో గట్టిగా తగిలాక కుట్లు తప్పడం మొదలైతేనే దాన్ని అనుమానిస్తాను. సూది అట్టడుక్కి దిగి పైకి లేవడం మొదలుపెట్టగానే షటిల్ కొన కన్నుకు కాస్త పైన, ఆ పల్లంలోంచి దాదాపు రాసుకుంటూ పోవాలి. చేత్తో చక్రం తిప్పి చూస్తే కనిపిస్తుంది. ఈ పని మెకానిక్ అన్నకు అప్పగించొచ్చు.

నెలకు ఒకటో రెండో బొంతలు కుట్టేవాళ్లకు ఇంత పెట్టుబడి, ఇంత జాగా అవసరం లేదు. ఆర్డర్లు వరసగా ఉన్నవాళ్లు ధైర్యంగా కొనండి. కొనే రోజే అదనపు బాబిన్ కేస్, ఒక షటిల్, రెండు సైజుల సూదులు కలిపి తీసుకోండి; అవి మన దగ్గర లేక పెళ్లిళ్ల సీజన్‌లో మిషన్ ఆగిపోతే పార్శిల్ వచ్చేదాకా ఆర్డర్లన్నీ ఆగుతాయి.