మట్టిపాత్రల జ్యూరీ ఫొటోలకు గ్రేడియంట్ షీటు, పైనుంచి ఒకే లైటు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

జ్యూరీ ఎంపిక ఉండే ప్రదర్శనలకు నా పాత్రల ఫొటోలు పంపడానికి కొన్నేళ్లుగా ఒకే సరంజామా వాడుతున్నాను. కింద లేతబూడిద రంగుతో మొదలై, పైకి వెళ్లేకొద్దీ నలుపులో కలిసిపోయే వినైల్ షీటు. పాత్రకు పైన వేలాడే, వెలుగును మెత్తగా పరిచే తెల్లతెర లైటుపెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్. కొన్ని తెల్ల అట్టముక్కలు, ట్రైపాడ్, కెమెరా. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు ముందే చెప్తున్నాను: కొనండి, కానీ ముందు లైటు కొనండి, ఆ తర్వాతే షీటు. షీటు తెచ్చి గదిలో ఉన్న ట్యూబులైటు కింద పరిస్తే ఫొటోలో పెద్ద తేడా ఏమీ రాదు.

జ్యూరీలో కూర్చున్నవాళ్లు ఎంట్రీలన్నీ వరసగా చూసుకుంటూ పోతారు. మొదటి విడతలో ఒక్కో ఫొటో ముందు ఆగేది కొన్ని సెకన్లే. ఆ కాస్తలో పాత్ర ఆకారం, గ్లేజ్ (మట్టి మీద కాల్చిన గాజులాంటి పూత) తీరు తప్ప ఇంకేదీ కంటికి అడ్డు రాకూడదు. చెక్కబల్ల, పూలకొమ్మ, మడతలు పడ్డ గుడ్డ అమ్మకం ఫొటోల్లో బాగుంటాయి. జ్యూరీ ఫొటోలో అవి పాత్రతో పోటీకి దిగుతాయి. పైగా రంగుగుడ్డ రంగు గ్లేజ్ మీద ప్రతిఫలిస్తుంది. ఎర్రటి గుడ్డ మీద లేతాకుపచ్చ సెలడాన్ గ్లేజ్ గిన్నె పెట్టి చూడండి, అడుగుభాగంలో ఆ లేతాకుపచ్చ ఉండదు.

పూర్తి తెల్ల నేపథ్యంతో చిక్కేమిటంటే, కెమెరా ఆటోలో ఆ తెలుపును చూసి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, పాత్ర నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ పెంచితే వెనకనుంచి వచ్చే వెలుగు పాత్ర అంచులను కరిగించేస్తుంది. పూర్తి నలుపు మీద ముదురు పాత్రల అంచులే దొరకవు, కింద నీడ కూడా కనిపించక పాత్ర గాల్లో తేలుతున్నట్టుంటుంది. గ్రేడియంట్ మీద నీడ పడే చోట వెలుతురుంటుంది, మూతి దగ్గర చీకటి ఉంటుంది. పాత్ర నేలమీద నిలకడగా కూర్చుంటుంది, మూతి అంచు గీత గీసినట్టు తేలుతుంది. అందుకే ఈ షీటు నాకు నచ్చింది.

మన్నిక సంగతి. కాగితం రకాలు కూడా దొరుకుతాయి కానీ కుండల పనికి వినైలే మేలు. గ్లేజ్ లేని పాదం (పాత్ర నిలబడే అడుగు అంచు) గరుకుగా ఉంటుంది, పాత్రను కాస్త జరిపినా కాగితం మీద గీత పడుతుంది. వినైల్‌ను తడిగుడ్డతో తుడిస్తే మట్టిమరకలు పోతాయి. నా షీటు ముందుభాగంలో ఇప్పుడు సన్నటి గీతలున్నాయి, పాత్రను లాగకుండా ఎత్తి పెట్టడం అలవాటు చేసుకుంటే అవీ పడవు. షీటును మడవకూడదు, గొట్టానికి చుట్టి పెట్టాలి. ఒకసారి మడత పడితే ప్రతి ఫొటోలోనూ అడ్డంగా ఒక చార కనబడుతుంది. కొనేటప్పుడు మ్యాట్ రకమే చూసుకోండి, మెరిసేదైతే పైనున్న లైటు షీటులోనే ప్రతిబింబిస్తుంది.

ఇక లైటు. నా దృష్టిలో అసలు సమీక్ష దీనిదే.

మెరిసే గ్లేజ్ వేసిన పాత్ర గుండ్రటి అద్దం. గదిలో ఏముంటే అది అందులో కనిపిస్తుంది: కిటికీ, బల్బు, ట్రైపాడ్ కాళ్లు, కెమెరా పట్టుకున్న మనిషి. చాలామంది చెప్పే పద్ధతిలో రెండు లైట్లు చెరోపక్క పెడితే కూజా భుజాల మీద రెండు తెల్ల చతురస్రాలు వెలుస్తాయి, చూపు వాటిమీదే పడుతుంది. ఒక్క పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను పైన పెడితే ఆ మెరుపు భుజం మీద ఒకేచోట, వెడల్పుగా పడుతుంది. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతోందో ఆ మెరుపే చెప్తుంది. లోతు గిన్నెల లోపలికి కూడా వెలుగు దిగుతుంది, పక్క లైట్లతో అది కుదరదు.

నేను లైటును ముందు నడినెత్తిన పెట్టి, తర్వాత పాత్ర పొట్ట వెలుగులోకి వచ్చేదాకా కొద్దికొద్దిగా కెమెరావైపు జరుపుతాను. ఎంత దగ్గరగా దించితే వెలుగు అంత మెత్తగా ఉంటుంది, నేపథ్యం కూడా అంత త్వరగా చీకటవుతుంది. చిన్న లైటైతే దూరం రెట్టింపయ్యేసరికి వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. సాఫ్ట్‌బాక్స్‌తో లెక్క అంత కచ్చితంగా ఉండదు కానీ జరిగేది అదే. ఈ సూత్రం చేతికి వస్తే మామూలు బూడిదరంగు కాగితాన్ని వంపుగా వేలాడదీసి కూడా గ్రేడియంట్ తెప్పించవచ్చు. షీటు కొనే స్తోమత లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు.

అట్టముక్కల విలువ టెన్మోకు లాంటి ముదురు గ్లేజ్‌లతో తెలుస్తుంది. మూతి అంచున గ్లేజ్ పల్చబడి నలుపు తుప్పురంగుకు తిరిగే సన్నటి పట్టీ ఉంటుంది కదా, లైటు ఒక్కటే ఉంటే అది కనిపిస్తుంది కానీ పొట్ట పక్కలు నేపథ్యంలో కలిసిపోతాయి. ఎడమవైపు తెల్ల అట్టను ఫ్రేముకు బయట నిలబెట్టి, వ్యూఫైండర్‌లో చూస్తూ మెల్లగా తిప్పాలి. ఒకచోట అంచు వెంబడి పైనుంచి కిందికి లేత వెలుగుగీత నిలుస్తుంది, పాత్ర చీకట్లోంచి విడివడుతుంది. ఇంకాస్త తిప్పితే ఆ గీత లావెక్కి పొట్ట మీదికి వచ్చేస్తుంది. వేలెడు తేడాలో ఉంటుంది వ్యవహారమంతా. దీనికి తీసుకునే సమయమే నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టం.

తెల్ల పింగాణీ, అంటే పోర్సలీన్‌తో మాత్రం ఈ షీటు అంత బాగా పనిచేయదు. పాదం దగ్గర తెలుపు లేతబూడిదలో కలిసిపోతుంది. పాత్రను కాస్త వెనక్కి, ముదురు భాగం మొదలయ్యే చోటుకి జరిపితే కొంత నయం. పోర్సలీనే ఎక్కువగా చేసేవాళ్లు మధ్యస్థ బూడిద నుంచి నలుపుకు వెళ్లే షీటు తీసుకోవడం మంచిది. లోహపు మెరుపున్న లస్టర్ పాత్రలు ఇంకా మొండివి. పోలరైజర్ ఫిల్టర్ మామూలు గ్లేజ్ మీది మెరుపును కొంత అణచగలదు, లోహపు మెరుపు మీద దాని ఆట సాగదు. మామూలు గ్లేజ్ మీదైనా పూర్తిగా అణిచేస్తే పాత్ర ప్రాణం పోయినట్టుంటుంది. నేను దాన్ని దాదాపు వాడటం మానేశాను.

రంగు విషయంలో రాజీ పడొద్దు. ఎల్ఈడీ కొంటుంటే సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 దాటినది చూడండి, ముదురు ఎరుపును కొలిచే ఆర్9 విలువ కూడా అడగండి. ఆర్9 తక్కువైన లైటు కింద రాగి ఎరుపు గ్లేజ్ గోధుమరంగుకు దిగిపోతుంది. బట్టీలో అంత కష్టపడి తెచ్చుకున్న ఎరుపు అది. ఫొటో తీసేముందు గదిలో మిగతా లైట్లన్నీ ఆపి, కిటికీ మూసేయాలి. రెండు రకాల వెలుగు కలిస్తే పాత్ర ఒక పక్క నీలంగా, ఇంకో పక్క నారింజగా వస్తుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ శుభ్రంగా సరిచేయలేం. ప్రతి సెషన్ మొదట్లో గ్రే కార్డుతో (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) ఒక ఫొటో, అన్నీ రా ఫైళ్లుగా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైళ్లు). ఒకప్పుడు స్లైడ్ ఫిల్మ్ మీద పంపేవాళ్లు 3200 కెల్విన్ (పసుపు వెలుగు) బల్బులకు సరిపడే టంగ్‌స్టన్ ఫిల్మ్ వెతుక్కుని, ఫ్రేములోనే అంతా సరిగ్గా తేవాల్సి వచ్చేది. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

కెమెరా గురించి చెప్పాల్సింది తక్కువే. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/11, రెండు సెకన్ల టైమర్. పాత్ర ముందు వంపు మీద ఫోకస్. దూరంగా నిలబడి 85 నుంచి 100 మి.మీ. మధ్య లెన్స్ వాడితే నిష్పత్తులు నిజంగా ఉన్నట్టే వస్తాయి. ఫోన్‌తో దగ్గరికెళ్లి తీస్తే పొట్ట ఉబ్బుతుంది, పాదం కుంచించుకుపోతుంది. ఫోనే ఉంటే వెనక్కి జరిగి టెలి లెన్స్ వాడండి, పోర్ట్రెయిట్ మోడ్ జోలికి మాత్రం వెళ్లకండి, కప్పు చెవి మధ్య ఖాళీని, కెటిల్ ముక్కు కొసను అది ఇష్టమొచ్చినట్టు మసకచేస్తుంది. కెమెరా ఎత్తు మూతికన్నా కొంచెం పైన ఉంటే మూతి సన్నటి కోడిగుడ్డు ఆకారంలో తెరుచుకుని లోపలి గ్లేజ్ కాస్త కనిపిస్తుంది.

పంపేముందు నిబంధనలు చదవండి. కావాల్సింది పిక్సెళ్లలో కొలత, తెరమీద చూసే ఫొటోకు డీపీఐ (ముద్రణలో అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకెతో పనిలేదు. కలర్ స్పేస్ (ఫైల్లో రంగులను రాసే పద్ధతి) ఎస్ఆర్‌జీబీ పెట్టండి, వేరేది పెడితే కొన్ని తెరల మీద రంగులు వెలిసిపోతాయి. పేర్లు చూడకుండా ఎంపిక చేసే చోట ఫొటో మీద సంతకం, వాటర్‌మార్కు ఉండకూడదు. నేపథ్యం మీది దుమ్ము చుక్కలు తుడిచేయడం న్యాయమే. పాత్ర మీది పగులు, గ్లేజ్‌లో సూదిబెజ్జంలాంటి పిన్‌హోల్ తుడిచేయడం మాత్రం మోసం. ఎంపికయ్యాక అసలు పాత్ర ప్రదర్శన నిర్వాహకుల చేతికి వెళ్తుంది, ఫొటోతో సరిపోలకపోతే తిప్పి పంపే హక్కు చాలా ప్రదర్శనల నిబంధనల్లోనే రాసి ఉంటుంది.

వివరంగా చూపే రెండో ఫొటోకు అవకాశమిస్తే వదులుకోకండి. మొదటి ఫొటోనే కత్తిరించి పంపితే కొత్తగా చెప్పేదేమీ ఉండదు. లైటును పక్కకు దించి, ఏటవాలుగా పడేలా పెట్టి విడిగా తీయండి. చెక్కిన గీతల్లో గ్లేజ్ చేరి ముదిరిన తీరు, సారె మీద వేళ్లు వదిలిన వరసలు ఆ వెలుగులోనే పైకి తేలతాయి.