ఆరేళ్లు వాడి చూశాక: క్వీర్ మనుషుల (గే, లెస్బియన్, ట్రాన్స్ వగైరా) మనసుకూ మద్యానికీ దొరికే వైద్యం

మొదటి కౌన్సెలర్ దగ్గర యాభై నిమిషాల సెషన్‌లో ముప్పై ఐదు నిమిషాలు నేనే పాఠం చెప్పాను. గే అంటే ఏమిటి, ట్రాన్స్ అంటే వేరా, ఇద్దరు మగవాళ్లు కలిసి ఉంటే అందులో భర్త ఎవరు (నిజంగానే అడిగారు). ఆయన చెడ్డమనిషి కాదు. శ్రద్ధగా నోట్సు కూడా రాసుకున్నారు. బయటికొచ్చి లెక్క చూసుకుంటే ఫీజు కట్టిందీ నేనే, పాఠం చెప్పిందీ నేనే. మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదన్న సంగతి చెప్పడానికి టైమే మిగల్లేదు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి నలుగురు కౌన్సెలర్లు, ఇద్దరు సైకియాట్రిస్టులు, రెండు డీఅడిక్షన్ సెంటర్లు, మూడు సపోర్ట్ గ్రూపులు, రెండు అర్ధరాత్రులు హెల్ప్‌లైన్. చాలా గడపలే తొక్కాను. వయసు నలభైకి దగ్గర. తాగుడు మానేసి మూడేళ్ల నాలుగు నెలలు. ఎవరి పేరూ చెప్పను. బాగున్నవాటి పేర్లు చెబితే నేనెవరో తెలిసిపోతుంది, బాగాలేనివాటి పేర్లు చెప్పి కొట్లాడే ఓపిక లేదు.

రెండో ఆవిడ వెబ్‌సైట్ మీద ఇంద్రధనస్సు జెండా ఉంది. అది చూసే వెళ్లాను. పాఠాలు చెప్పాల్సిన పని లేదు, నిజమే. కానీ ఏం చెప్పినా తీసుకెళ్లి గే అన్న దారానికే గుచ్చేవారు. బాస్‌తో గొడవైందంటే 'మగవాళ్ల మెప్పు కోసం మీ తపన' అన్నారు. నాన్న పోయారని ఏడిస్తే 'ఆయనకు మీ గురించి చెప్పలేకపోయిన బాధ' అన్నారు. నాన్నకు నేను చెప్పాను. పోయేముందు రెండేళ్లుగా ఆయనకు తెలుసు. నేను ఏడ్చింది నాన్న పోయినందుకు, అంతే. జెండా ఉన్నంత మాత్రాన వినడం వచ్చినట్టు కాదని అక్కడ తెలిసింది.

మూడో ఆయన మొదటి రోజే 'గట్టిగా అనుకుంటే మార్చుకోవచ్చు' అన్నాడు. లేచి వచ్చేశానని రాయాలనుంది. రాలేదు. నాలుగు నెలలు వెళ్లాను. ఆ నాలుగు నెలల్లో నా తాగుడు రెండింతలైంది. ఎందుకు వెళ్లావని ఇప్పుడు ఎవరైనా అడిగితే, మారితే అన్నీ తేలికైపోతాయన్న ఆశ ఎంత బలమైనదో ఆ దారిన పోనివాళ్లకు చెప్పడం కష్టం అంటాను. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే స్వలింగ ఆకర్షణను రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. దానికి ముందటేడు జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్టు ఆ సంఘం సదస్సులోనే 'నేనూ గేనే' అని చెప్పడానికి ముఖానికి మాస్కు తగిలించుకుని, గొంతు మార్చే మైకులో మాట్లాడాల్సి వచ్చింది. డాక్టరుకే ఆ గతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. 'కొందరు మారగలరు' అని అధ్యయనం ప్రచురించిన రాబర్ట్ స్పిట్జర్ కూడా 2012లో అది తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. జబ్బే కానిదానికి మందేమిటి? ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తెలిసిన మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చోవాల్సింది, కూర్చోలేదు. ఇలా మనల్ని మారుస్తామనే 'కన్వర్షన్ థెరపీ' వాళ్లు ఆ పేరుతో బోర్డు పెట్టుకోరని గుర్తుంచుకోండి. 'గందరగోళం పోగొడతాం', 'సహజ స్థితికి తెస్తాం' అంటారు. ఆ మాటలు వినపడితే డబ్బు పోయినా పర్లేదు, బయటికి నడవండి.

నాలుగో ఆవిడ దగ్గరే ఇప్పటికీ ఉన్నాను. మొదటి సెషన్‌లో నేను గే అని చెప్పగానే ఒక ప్రశ్న అడిగారు. 'ఇది ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన విషయమా, మీ గురించి నాకు తెలిసుంటే చాలిన విషయమా?' అప్పటిదాకా ఎవరూ నన్ను అలా అడగలేదు. తెలిసుంటే చాలు అన్నాను. సరే అని నిద్ర గురించి అడిగారు.

ఆవిడ తెలుగులో మాట్లాడతారు. నాకు ఇది పెద్ద విషయమని ముందు తోచలేదు, మొదటి ముగ్గురితో సగం ఇంగ్లిషే. ఇంగ్లిషులో 'పార్ట్‌నర్' అని ఏళ్లు గడిపేయొచ్చు. తెలుగులో క్రియ దగ్గరికి రాగానే దొరికిపోతాం. వచ్చాడా, వచ్చిందా? నేను దానికో ఉపాయం కనిపెట్టుకున్నాను. మావాడి గురించి ఎక్కడ మాట్లాడినా 'వచ్చారు, వెళ్లారు, అన్నారు'. గౌరవంలో మగా ఆడా తేడా ఉండదుగా! ఆఫీసులో నా పార్ట్‌నర్ మీద నాకెంత మర్యాదో అనుకునేవాళ్లు. ఐదారు సెషన్ల తర్వాత కౌన్సెలర్ అన్నారు: 'స్నేహితులందరినీ వాడు, వీడు అంటారు. ఆయన్ని మాత్రం నా ముందు కూడా వచ్చారు అంటున్నారు. ఇక్కడ ఎవరున్నారు?' ఆ గదిలో మేమిద్దరమే. నాకు ఏడుపొచ్చింది.

పుస్తకాల్లో దీన్ని మైనారిటీ స్ట్రెస్ అంటారు. ఇలన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో రాసిన వ్యాసంతో బాగా వ్యాప్తిలోకి వచ్చిన మాట. క్వీర్ మనుషుల్లో దిగులు, ఆందోళన, వ్యసనం ఎక్కువ ఉంటే దానికి కారణం వాళ్ల పుట్టుక కాదు. అవమానం, అవమానం వస్తుందేమోనన్న కాపలా, దాచుకోవడం, చివరికి మనల్ని మనమే తక్కువ చేసుకోవడం. ఈ నాలుగూ రోజూ మోసే బరువు. నా విషయంలో ఆ బరువు ప్రతి వాక్యం చివర క్రియలో ఉండేది. మూడో గ్లాసు తర్వాత మాత్రం కాపలాదారు నిద్రపోయేవాడు. నేను తాగింది మందు కోసం కాదు, 'వచ్చాడు' అనడానికి.

ఇక డీఅడిక్షన్ సెంటర్లు. అసలు చెప్పాల్సింది ఇక్కడే ఎక్కువ ఉంది.

మొదటిసారి ఇరవై ఎనిమిది రోజులు. వైద్యం విషయంలో వంక పెట్టలేను. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానేయడం ప్రాణాల మీదికి రావచ్చు. ఆఖరి గ్లాసు తర్వాత ఆరు నుంచి నలభై ఎనిమిది గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పే దశ రావచ్చు. వాళ్లు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు, మొదటి గంట నుంచే విటమిన్ బీ1 ఇచ్చారు, రాత్రి రెండుసార్లు లేపి చూశారు. నా శరీరం వాళ్లకు రుణపడి ఉంది.

రెండో వారం కుటుంబ చికిత్స. మగవాళ్ల వార్డు, పద్దెనిమిది మందిమి. 'మీ భార్యకు ఉత్తరం రాయండి, మీ తాగుడు వల్ల ఆమె పడ్డ బాధ రాయండి' అన్నారు. అందరూ తల వంచుకుని రాస్తున్నారు. నేనూ రాశాను. లేని భార్యకు, రెండు పేజీలు. మావాడు పడ్డ బాధలన్నీ ఆమెకు అంటగట్టాను. చదివి వినిపించమంటే వినిపించాను. చప్పట్లు కొట్టారు. కౌన్సెలర్ భుజం తట్టి 'ఇప్పుడు నిజాయితీగా ఉన్నావు' అన్నారు.

డిశ్చార్జి రోజు చేతిలో రిలాప్స్ ప్లాన్ పెట్టారు, అంటే మళ్లీ తాగుడులో పడకుండా చూసుకునే కాగితం. ఏం జరిగితే తాగాలనిపిస్తుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, సాయంత్రాలు ఎక్కడ గడపాలి. అన్నీ ఆ లేని భార్య చుట్టూ అల్లినవే. నా అసలు ట్రిగ్గర్లు, అంటే పెళ్లిళ్లలో 'నువ్వెప్పుడు' అన్న ప్రశ్న, మావాడితో బయటికెళ్లి స్నేహితుల్లా నటించి ఇంటికొచ్చిన రాత్రి, డేటింగ్ యాప్‌లో 'మందు కొడదాం రా' అన్న మెసేజ్, వీటిలో ఒక్కటీ ఆ కాగితంలో లేదు. పదకొండో రోజు తాగాను. తప్పు వాళ్లదేనా అంటే, అబద్ధం చెప్పింది నేను. నిజం చెప్పడానికి ఒక ఖాళీ గడి కూడా పెట్టనిది వాళ్లు.

రెండోసారి వేరే చోట. ఈసారి ఫారంలో 'దగ్గరివారు' అని ఉంది, సంబంధం ఏమిటో మనమే రాసుకోవాలి. ఇంత చిన్న గడి! మావాడి పేరు రాశాను. కుటుంబ సెషన్‌కు వాడే వచ్చి కూర్చున్నాడు. వాడూ ఏడ్చాడు, బాగా తిట్టాడు కూడా. ఆ తిట్లు నాకు చేసిన మేలు ఆ రెండు పేజీల ఉత్తరం చేయలేదు. ఆ సెంటర్‌కు క్వీర్ స్పెషలని ప్రచారమేమీ లేదు. పాతకాలపు బిల్డింగు, విసుక్కునే రిసెప్షనిస్టు, వారానికోసారి పనిచేయని లిఫ్టు. అయినా నా లెక్కలో ఐదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే గది కేటాయింపు. మా గ్రూపులో ఒక ట్రాన్స్ అమ్మాయి అలాంటి మరో చోట చేరబోతే ఆడవాళ్ల వార్డా మగవాళ్ల వార్డా తేల్చలేక మూడు గంటలు వరండాలో కూర్చోబెట్టారట. ఆమె వెళ్లింది పానిక్ అటాక్‌లకు. అడిగిన ప్రశ్నలన్నీ సర్జరీ గురించి. మా సెంటర్‌లో ఏం చేస్తారని అడిగితే వాళ్ల దగ్గరా జవాబు లేదు.

మందుల సంగతి క్లుప్తంగా. దిగులుకు ఇచ్చిన మాత్రలు పనిచేయడానికి నాకు నాలుగు వారాలు పట్టింది, చాలామందికి రెండు నుంచి ఆరు వారాల దాకా పడుతుంది. వీటితో కొందరికి లైంగిక కోరిక తగ్గుతుంది. మొదటి సైకియాట్రిస్టు 'భార్యతో ఇబ్బందేమైనా ఉందా' అని అడిగారు. భార్య లేదు కాబట్టి లేదన్నాను. ఇబ్బంది మాత్రం ఉంది. చెప్పలేక మాత్రలు నేనే ఆపేశాను, వారం రోజులు తల తిరిగి నరకం చూశాను. రెండో డాక్టరు 'మీ పార్ట్‌నర్‌తో' అన్నారు, రెండు నిమిషాల్లో మందు మార్చారు. తాగుడు ఆరాటానికి నాల్‌ట్రెక్సోన్ కొన్నాళ్లు వాడాను, నాకు పనిచేసింది. మార్ఫిన్ జాతి నొప్పి మందులతో అది పడదు, ముందే డాక్టరుకు చెప్పాలి.

గ్రూపుల్లో మొదటిది మామూలు 12 మెట్ల పద్ధతి, ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లది. ఆ పద్ధతి మూల నియమాల్లో మూడోది నాకు చాలా ఇష్టం: చేరడానికి కావలసిందల్లా తాగుడు మానాలన్న కోరిక. అంతకు మించి అడగకూడదు. కాగితం మీద ఇంత అందమైన వాక్యం ఉన్నా, నేను వెళ్లిన చోట ఒక పెద్దాయన టీ విరామంలో నన్ను పక్కకు పిలిచి 'ఆ విషయం ఇక్కడ వద్దులే బాబూ' అన్నారు. రెండోది పూర్తిగా క్వీర్ వాళ్లది, ఆన్‌లైన్‌లో, గురువారాలు. కెమెరా తప్పనిసరి కాదు, పేరు మార్చుకోవచ్చు. నన్ను నిలబెట్టింది ఇదే. కానీ దీని మీదా ఫిర్యాదులున్నాయి. మా లోకం చిన్నది. ఒకరి మాజీ ఇంకొకరి ప్రస్తుతం. ఒకసారి నేను చెప్పుకున్న మాట మూడు రోజుల్లో నాకే తిరిగొచ్చింది. నడిపేవాళ్లకు శిక్షణ ఉందా, బయట మాట్లాడితే ఏం చేస్తారు అని అడగకుండా చేరకండి. ఇంకో మంచి కూడా చెప్పాలి. డేటింగ్ యాప్‌లలో కలిసి మెత్, మెఫెడ్రోన్, జీహెచ్‌బీ లాంటి మత్తుపదార్థాలు వాడేవాళ్లు సాధారణ సెంటర్‌లో నోరు విప్పలేరు. ఇక్కడ విప్పుతారు. జీహెచ్‌బీ మీద మద్యం తాగితే ఊపిరి ఆగిపోవచ్చన్న సంగతి ఒక కుర్రాడు ఇక్కడే మొదటిసారి విన్నాడు. 'ఎవరూ చెప్పలేదన్నా' అన్నాడు. మూడో గ్రూపు రెండు వారాలే వెళ్లాను, చెప్పడానికేం లేదు.

హెల్ప్‌లైన్ రెండుసార్లు వాడాను. ఒకసారి లైను దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల కోసమే కౌన్సెలర్ నాతో ముందే సేఫ్టీ ప్లాన్ రాయించారు. ఆరు మెట్లు: ప్రమాదం దగ్గరపడుతోందని చెప్పే గుర్తులు, ఒంటరిగా చేయగలిగినవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన మనుషులు, వైద్యులూ హెల్ప్‌లైన్లూ, చివరగా హాని చేసుకోగల వస్తువులను దూరం పెట్టడం. నాకు ఆ రాత్రి నాలుగో మెట్టు దగ్గరే ఆగింది, నేను పిలిచిన మనిషి ఫోన్ ఎత్తాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ లైనూ దొరకకపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ అందరూ మర్యాదగా ఉంటారని హామీ ఇవ్వలేను, అయినా వెళ్లండి.

కొత్తగా వెతుకుతున్నవాళ్లు మొదటి ఫోన్‌లోనే మూడు మాటలు అడగొచ్చు. మీ దగ్గర ఇంతకు ముందు గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్లు చికిత్స తీసుకున్నారా? నేనెవరన్నది మీ ఫైలులో ఎక్కడ రాస్తారు, ఎవరు చూస్తారు? కుటుంబ సెషన్‌కు నేను ఎవర్ని తెచ్చుకోవచ్చు? జవాబు కంటే, జవాబుకు ముందు వచ్చే మౌనం ఎంతసేపో గమనించండి. నా అనుభవంలో 'మాకు అంతగా తెలియదు, కానీ మీరు రండి' అన్నవాళ్లు 'మాకు అందరూ ఒకటే' అన్నవాళ్ల కన్నా నయం. అందరూ ఒకటే అన్న చోట్లే భార్యకు ఉత్తరం రాయిస్తారు.

దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది, మొత్తం 27 మార్కులు, అంకె పెరిగేకొద్దీ దిగులు ఎక్కువని. మొదలుపెట్టినప్పుడు నాకు 19, పోయిన నెల 6. ఆ అంకె ఏ సేవ వల్ల తగ్గిందో విడదీసి చెప్పలేను. కౌన్సెలర్‌కు మాత్రం అంకెల మీద పెద్ద నమ్మకం లేదు. మొన్న సెషన్‌లో ఎప్పటిలాగే నేను ఫిర్యాదు మొదలుపెట్టాను: 'నిన్న మళ్లీ ఆలస్యంగా వచ్చాడు, ఫోన్ కూడా చేయలేదు.' ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ఎన్ని గంటలకు వచ్చాడని అడిగారు.