ఎంజీబీకి ఐదో గేరు: సియెరాదా, మియాటాదా?

చిత్తూరులో మా బాబాయి దగ్గర 1970 నాటి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. నాలుగు గేర్లే. తిరుపతి హైవే ఎక్కితే ఇంజిన్ ఒకటే అరుపు. ఐదు గేర్ల కిట్ కోసం వెతికితే చివరికి రెండు మిగిలాయి: ఫోర్డ్ సియెరా కారుది టైప్ 9 గేర్‌బాక్స్, మాజ్డా ఎంఎక్స్-5 (అమెరికాలో దీన్నే మియాటా అంటారు) కారుది.

ఐదో గేరు దగ్గర గొడవే లేదు. గేరు నిష్పత్తి, అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ ఎన్నిసార్లు తిరగాలో, ఫోర్డ్‌ది 0.82, మాజ్డాది 0.81. నాలుగో గేరులో నిమిషానికి 4000 సార్లు తిరిగే ఇంజిన్ అదే వేగానికి దాదాపు 3270కి దిగుతుంది.

అసలు తేడా కింది గేర్లలో. సియెరా కారు నుంచి వచ్చే టైప్ 9లో మొదటిది 3.65, రెండోది 1.97. మాజ్డాలో 3.14, 1.89. తిరుమల ఘాట్ మలుపులో మొదటి గేరులో 4000 దాకా లాగి రెండో గేరు వేస్తే ఫోర్డ్‌తో ఇంజిన్ 2160కి పడిపోతుంది, మాజ్డాతో 2400 దగ్గర నిలబడుతుంది. ఏటవాలులో ఆ 240 ప్రాణం లాంటిది. అయితే బండ్ల వరసలో ఆగి ఆగి కదలాలంటే ఫోర్డ్ మొదటి గేరే సుఖం, క్లచ్ తక్కువ అరుగుతుంది.

ఫోర్డ్ పెట్టె పోత ఇనుము, మాజ్డాది అల్యూమినియం. విదేశం నుంచి తెప్పించేటప్పుడు ఆ బరువుకీ డబ్బు కట్టాలి. విడిభాగాలు, పొడవాటి మొదటి గేరు (3.65 కంటే తక్కువ నిష్పత్తి) సెట్లు మాత్రం ఫోర్డ్‌కే ఎక్కువ.

నా ఓటు మాజ్డాకే. బాబాయి కూడా ఒప్పుకున్నాడు. మీ ఎంజీబీ 1964 అక్టోబరుకి ముందుదైతే ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగులు మూడే. ఆ సంగతి చెప్పి కిట్ అడగండి. పాత గేర్‌బాక్స్ మాత్రం అమ్మొద్దు.