చేపల ట్యాంక్‌కి ఏ మొక్క మేలు: నీళ్ల బయట పెరిగిందా, లోపల పెరిగిందా?

షాపులో చిన్న పాట్‌లో నిగనిగలాడే మొక్క చూస్తే ఎవరికైనా అదే కొనాలనిపిస్తది. కానీ హైదరాబాద్‌లో కొత్తగా ట్యాంక్ పెట్టేవాళ్లకి నేనైతే తెలిసినవాళ్ల ట్యాంక్‌లోంచి కత్తిరించిన కొమ్మలే తెచ్చుకోమంట.

షాపుకొచ్చే ఆ మొక్కల్ని నర్సరీవాళ్లు ఎక్కువగా నీళ్ల బయటే పెంచుతరు, ఎందుకంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు స్లోగా పాకుతది, బయటైతే పెరుగుదల స్పీడు, నాచు బాధ లేదు, నత్తల గోల లేదు. చిక్కు ఎక్కడొస్తదంటే బయటి ఆకు మందంగా ఉంటది, పైన మైనం పూత, పత్రరంధ్రాలు, అంతా గాలి కోసం తయారైన సరుకు, దాన్ని తీసుకెళ్లి ముంచితే పని చేయదు. క్రిప్టోకోరైన్ అనే నీటి మొక్క అయితే కొన్ని రోజుల్లోనే మెత్తబడి కరిగిపోతది. చచ్చిందని పీకేయకండి ప్లీజ్, వేరు గట్టిగా ఉంటే కొత్తాకు వస్తది.

వాటర్ విస్టీరియాని గమనించండి, ఇది మన దేశంలో పుట్టిన మొక్కే. ఒకే కాడకి కింద బయట పెరిగినప్పటి వెడల్పాటి రంపపు అంచు ఆకులు, పైన నీళ్లలో ముంచాక వచ్చినవి క్యారెట్ ఆకులాగ చీలికలు చీలికలు. రొటాలా రొటండిఫోలియా కూడా అంతే, బయట గుండ్రం, లోపల సన్నం.

నీళ్లలోనే పెరిగిన కొమ్మలకి ఈ మార్పు బాధ లేదు, నాటిన వెంటనే పని మొదలుపెడతాయి. కాకపోతే ఆ పల్చటి ఆకుకి మైనం పూత అంతంతమాత్రం, ఏప్రిల్-మే ఎండలో బండి మీద ఒట్టిగా తెస్తే ఇంటికొచ్చేసరికి వాడిపోతది, కవర్‌లో నీళ్లు పోసి తేవాల్సిందే. నత్తలు, నాచు ఫ్రీగా వస్తాయి, అది వేరే తలనొప్పి.

అనూబియస్‌కి ఏదైనా ఒకటే, రైజోమ్ (అడ్డంగా పాకే లావు కాండం) మట్టిలో పూడ్చకుంటే చాలు. వాలిస్నేరియాకి ఛాయిసే లేదు, అది నీళ్లలోనే పెరుగుతది.

ట్యాంక్ అడుగున చాపలా పరుచుకునే మాంటే కార్లో లాంటి కార్పెట్ మొక్కకి మాత్రం నా ఓటు బయటి పద్ధతికే, అదీ వానాకాలంలో, మన దగ్గర గాలిలో తేమ ఉండేది అప్పుడే కదా. మట్టి తడిపి, నాటి, పైన ప్లాస్టిక్ కవర్ బిగించి, బూజు పట్టకుండా రోజూ కాసేపు తెరుస్తూ ఉంటే వేర్లు గట్టిగా పట్టుకుంటాయి, ఆ తర్వాతే నీళ్లు నింపాలి. చేపల కోసం ఇంట్లో పిల్లలు గొడవ చేసినా సరే, అప్పటిదాకా ఆగాల్సిందే.