పైపు లెక్కలకు ఫ్లూయిడ్స్ లైబ్రరీ: చాలాకాలం వాడాక

ఈ పైథాన్ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చాలామంది రాశారు, అది వదిలేస్తాను. నాకు నచ్చింది ఒకటే. సూత్రాన్ని ఎవరు, ఏ ఏడాది ఇచ్చారో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చెల్లుతుందో పక్కనే రాసి ఉంటుంది. పైపు రాపిడికే 1939 నాటి కోల్‌బ్రూక్, 1976 నాటి స్వామీ–జైన్, 1983 నాటి హాలాండ్, ఇంకా ఎన్నో. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నెమ్మదిగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా అని చెప్పే అంకె), పైపు గరుకుదనం ఇస్తే వాటిలో ఏవి పనికొస్తాయో కూడా చెబుతుంది. కొలతల నుంచి కట్టిన సూత్రాలు కదా, హద్దు దాటితే వాటి జవాబును నమ్మలేం.

శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున ఒక చిన్న ఎత్తిపోతల పని వచ్చింది. 110 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, 600 మీటర్ల పొడవు, సెకనుకు 8 లీటర్లు. చేతులు మారుతూ మా దాకా వచ్చిన ఎక్సెల్ షీటు రాపిడి నష్టం (రాపిడికి పోయే ఒత్తిడి, నీటి ఎత్తు లెక్కలో) ఒకటిన్నర మీటరని చూపించింది. ఇందులో వేస్తే ఆరు మీటర్లు దాటింది! రాపిడి గుణకం ఫంక్షన్‌లో, గుణకం డార్సీ పద్ధతిలో కావాలా ఫానింగ్ పద్ధతిలో కావాలా అని ఎంచుకునే 'డార్సీ' అనే ఆప్షన్ ఉంది. అది చూశాకే విషయం తెలిసింది: షీటులో గుణకం ఫానింగ్‌ది, నష్టం సూత్రం డార్సీది. ఫానింగ్ గుణకం డార్సీదానిలో సరిగ్గా నాలుగో వంతు, పుస్తకాల్లో రెండింటికీ ఎఫ్ అనే అక్షరమే. ఆ షీటును నమ్మి మోటారు కొని ఉంటే, ఎండాకాలం నది దిగినప్పుడు చివరి మడికి నీళ్లందడం కష్టమయ్యేది. రైతు అప్పు చేసి కొనే మోటారు అది.

హద్దులు చెబుతుందన్నాను గానీ, హాలాండ్ సూత్రాన్నే నేరుగా పిలిస్తే అడ్డు చెప్పదు. పైపు వ్యాసం మీటర్లకు బదులు మిల్లీమీటర్లలో ఇచ్చినా జవాబు ఇచ్చేస్తుంది. యూనిట్లు చూసుకునే భాగం పింట్ అనే మరో పైథాన్ లైబ్రరీ సాయంతో వేరే ఉంది, కాకపోతే నెమ్మది.

కాలువల దగ్గర నా ఇష్టం ఇంకాస్త తగ్గుతుంది. కలుపు దట్టంగా పెరిగిన మట్టి కాలువకు మానింగ్ ఎన్ (కాలువ గరుకుదనాన్ని చెప్పే గుణకం) పట్టికల్లో 0.05 నుంచి 0.12 దాకా ఉంటుంది. అంటే ప్రవాహం రెట్టింపుకు పైగా అటూ ఇటూ అవుతుంది. వంశధార పిల్లకాలువల్లో గుర్రపుడెక్క, పూడిక చూసి కాలువను చూసుకునే లస్కర్ చెప్పే అంచనాయే నాకు ఎక్కువ పనికొచ్చింది.

నావి ఒకే పైపులైను ఉండే చిన్న పనులు, పైథాన్ కొంచెం వచ్చు, కాబట్టి నాకు సరిపోయింది. ఊరంతటికీ కుళాయిల నెట్‌వర్క్ వేసేవాళ్లకు ఈపీఏనెట్ (నీటి పైపుల నెట్‌వర్క్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ఉండాల్సిందే. దానికీ పైపు గరుకుదనం మనమే ఇవ్వాలి కాబట్టి, ఒకటి రెండు పైపుల నష్టం ఇందులో వేసి సరిచూసుకుంటాను.