ఐరిష్ పల్లె చరిత్ర తవ్వాలంటే: గ్రిఫిత్ వాల్యుయేషనా, 1901–1911 జనగణనా?

ఐర్లండ్‌లో 19వ శతాబ్దపు ఇంటింటి జనగణన పత్రాలు దాదాపు మిగల్లేదు. 1821–51 నాటివి చాలావరకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో పోయాయి. తర్వాతి నాలుగింటినీ ప్రభుత్వమే నాశనం చేసింది. పల్లె గతం వెతికేవారికి ముఖ్యమైన దారులు రెండు.

గ్రిఫిత్ వాల్యుయేషన్ (1847–64) పన్ను కోసం వేసిన లెక్క. టౌన్‌లాండ్ (ఐర్లండ్‌లో భూమి లెక్కకు వాడే అతి చిన్న విభాగం) వారీగా సాగుదారు, అతనికి భూమి ఇచ్చినవారు, విస్తీర్ణం, విలువ ఉంటాయి. పటంలోని నంబరుతో పొలం ఎక్కడో గుర్తుపట్టొచ్చు. భార్యాపిల్లల ఊసే ఉండదు.

1901, 1911 జనగణనల్లో ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, మతం, చదువు, వృత్తి, ఐరిష్ భాష వచ్చో రాదో కూడా దొరుకుతాయి. ఇంటి కట్టడం వివరాలుండే బి1 ఫారం అస్సలు వదలొద్దు: గోడలు, పైకప్పు, గదులు, ముందువైపు కిటికీలు చూస్తే ఆ కుటుంబం ఎలా బతికిందో అర్థమవుతుంది. వయసులను మాత్రం నమ్మొద్దు. 1909లో 70 ఏళ్లవారికి పింఛను మొదలయ్యాక, పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగినవారు కనిపిస్తారు!

జనగణనతోనే మొదలుపెట్టడం మేలు. అందులో దొరికిన టౌన్‌లాండ్ పేరు పట్టుకుని గ్రిఫిత్‌కు వెళ్లాలి. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే ఒకే పేరుతో నలుగురు తగులుతారు. అలాంటిచోట పేరు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరుందేమో చూడండి.